కొల్లేటి చెంత కొత్త కట్టడములు

ఏలూరు పెద్దవీధులలో నేడు లేచుచున్న అంగళ్లకును, ఆసుపత్రులకును, కల్యాణమండపములకును చాలవరకు ఒకటే ముఖము: నీలమో ఆకుపచ్చయో అయిన అద్దపు పలకలు. పడమటికి తిరిగిన కట్టడమునకును అద్దమే. వైశాఖమాసపు ఎండ అద్దమును దాటి లోనికి వచ్చును. లోని వేడిమి మాత్రము వచ్చిన దారిని తిరిగి పోజాలదు. ఇక ఏ.సి. యంత్రము సౌఖ్యము కాదు, కట్టడము చేసిన తప్పునకు నెలనెలా చెల్లించు జరిమానా.

పూర్వులు సర్వజ్ఞులని నా వాదము కాదు. తాటాకుటింటిని కీర్తించువారిలో పెక్కుమంది వేసవిరాత్రి నిప్పురవ్వకు జడియుచు అందు పరుండినవారు కారు. అయినను కోస్తా చుట్టిల్లు గుండ్రముగా నుండుటకు కారణము కలదు: గాలివానకు పట్టుటకు మూల దొరకదు, చూరు క్రిందికి వంగియుండుటచే మట్టిగోడ తడవదు. మండువా లోగిలిలో నడిమి ఆకాశమే వేడిగాలికి దారి. నేటి గదులలో పైకప్పు క్రింద జిప్సము పలకలతో మరియొక కప్పు దించుచున్నారు. ఉన్న గవాక్షము కాస్త దాని మరుగున పడుచున్నది. ఉన్ని తివాచీలకు పేరుపొందిన ఊరు ఏలూరు. ఆ ఊరి కొత్త హాలులలో ఎన్నింట ఆ తివాచీ కనబడునో పాఠకులే చూచి చెప్పవలెను.

పట్టణము దాటి కైకలూరు దారి పట్టినచో వేడిమికంటె మట్టము పెద్ద సమస్య. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేట చేరును. అది సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. 1999లో ఇచట అభయారణ్యమును ప్రకటించినపుడు ప్రభుత్వము హద్దుగా గైకొన్నది సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు, అనగా అయిదవ కాంటూరు. ఆ పరిధి 308 చదరపు కిలోమీటర్లు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకెక్కినది. 2006లో చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. చెరువులు మరల వెలసినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు లంకగ్రామములను నీరు చుట్టుముట్టెను. పాతలంకవాసి ముందు దిబ్బ ఎత్తుచేసికొని, పిదప ఇల్లు వేసికొనెడివాడు. నేడచటికి పట్టణపు నమూనాలే దిగుచున్నవి. నమూనా గీసినవాడు వరదను చూచినవాడు కాడు.

నల్లరేగడి నేల సంగతియు ఇట్టిదే. తడిసిన ఉబ్బును, ఎండిన కుదియును, గోడ బీటవారును. దీనికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున కుండవలె ఉబ్బిన స్తంభపు పునాదిని ఏనాడో రూపొందించిరి. మేస్త్రీకి అది చెప్పువారేరి? తాడేపల్లిగూడెములో, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయ భూమిలో, 2015లో స్థాపితమైన ఎన్.ఐ.టి. నెలకొనియున్నది, సివిల్ ఇంజనీరింగు నేర్పుచున్నది. అచటి విద్యార్థికి ఒక లంక ఇంటిని గీయుటకంటె దగ్గరి పరీక్ష ఏమున్నది?

ఉపాధ్యాయులకు ఒక మాట. 2019లో ఆరంభమైన నాడు–నేడు పథకము పాఠశాలలకు రంగులు, బల్లలు, మరుగుదొడ్లు తెచ్చినది, సంతోషము. వరదనాడు లంకవాసులు తలదాచుకొనుటకు చూచునది పక్కా కట్టడమైన బడివైపే. దాని అరుగు 2024 నాటి నీటిగుర్తుకంటె ఎంత ఎత్తున నున్నదో ఒక టేపుతో పిల్లలచేత కొలిపించవచ్చును. ఆ గుర్తు అనేక గోడలమీద ఇంకను చెరిగియుండదు.