ఎండ అందరిదీ, ఉపశమనం కొందరిదేనా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో వేసవి పాదరసం 45 డిగ్రీలను తాకడం ఇప్పుడు వింత కాదు. మారుతున్న వాతావరణం మన బస్తీలలోని రేకుల ఇళ్లపై రెండు రూపాలలో విరుచుకుపడుతున్నది: ఒకటి వడదెబ్బ, రెండవది కరెంటు బిల్లు. రెండింటికీ మందు వేశామని ప్రభుత్వాలు చెబుతున్నాయి. ఆ మందు ఎవరి గడప వద్ద ఆగిపోతున్నదో అడగక తప్పదు.

2024 ఫిబ్రవరి 27న ప్రారంభమైన గృహజ్యోతి పథకాన్ని మేము స్వాగతించాము. అయితే నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలన్నది నిబంధన. లెక్క చూడండి. 200 వాట్ల కూలర్ 12 గంటలు నడిస్తే 2.4 యూనిట్లు. 75 వాట్ల ఫ్యాన్లు మూడు 18 గంటలు తిరిగితే సుమారు 4 యూనిట్లు. నెలకు 193 యూనిట్లు ఇక్కడే అయిపోయాయి. ఇంకా దీపం వెలగలేదు, ఫ్రిజ్ పెట్టలేదు, ఇంట్లో ఆడబిడ్డ కుట్టుమిషను మోటారు ఆడలేదు. ఒకే మీటరుపై ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు బతికే ఇళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఊరట అత్యవసరమైన ఏప్రిల్, మే నెలలలోనే అది చేజారిపోతున్నది.

ఖజానాపై భారమని అధికారులు అనవచ్చు. అదనంగా వాడిన యూనిట్లకు డబ్బు కడతామనే కదా మేము అంటున్నది! 201వ యూనిట్‌కు శిక్షగా మొదటి 200 యూనిట్లనూ వసూలు చేయడం ఏ న్యాయం?

వృత్తిదారుల విషయమూ ఇంతే. 2021లో క్షౌరశాలలకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు మొదలైంది. అదే ఇస్త్రీపెట్టె పట్టిన ముస్లిం ధోబీలకు అది 2023లో, శాసనసభ ఎన్నికల ముందు గాని అందలేదు. దూది ఏకే దూదేకుల సోదరునికి, దర్జీకి, వెల్డింగు పనివానికి ఆ ఉత్తర్వులో చోటే లేదు. చెమట ఒకటే అయినప్పుడు కొలబద్ద వేరెందుకు?

2023 ఏప్రిల్‌లో వచ్చిన చల్లని పైకప్పుల విధానం 600 గజాలు, ఆపై స్థలాలలోని ఇళ్లకు తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల లక్ష్యంలో 200 హైదరాబాద్ ప్రాంతానికే కేటాయించారు. కేంద్రం వారి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నది. కానీ కిరాయి ఇంటివారికి పైకప్పు ఎక్కడిది? రేకులపై పలకలు నిలిచేదెలా? ముఖ్యమంత్రి స్వగ్రామం కొండారెడ్డిపల్లెలో ఇంటింటికీ సౌర విద్యుత్తు తేగలిగిన ప్రభుత్వానికి మన బస్తీలు దూరమా? దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పొగను, బూడిదను భరించవలసిన జిల్లాకు ఈమాత్రం అడిగే హక్కు లేదా?

వడదెబ్బ మృతుల కుటుంబాలకు 2025 ఏప్రిల్ నుండి 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించారు. మరణకారణం అధికారికంగా నిర్ధారణ కావాలి. మనలో జనాజా ఆలస్యం చేయరు. గంటలలో ఖననం ముగుస్తుంది, ఆధారం మట్టిలో కలుస్తుంది. కనుక మస్జిద్ కమిటీలు వెంటనే తహసీల్దారుకు, ప్రభుత్వ వైద్యునికి వ్రాతపూర్వకంగా తెలియజేసే బాధ్యత స్వీకరించాలి. ఖననానికి ఆటంకం లేకుండా సత్వరం విచారించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.

మా కోరికలు ఐదే. వేసవి మూడు నెలలు పరిమితిని 300 యూనిట్లకు పెంచాలి. మిగిలిన నెలలలో అదనపు యూనిట్లకే బిల్లు వేయాలి. 250 యూనిట్ల సౌకర్యాన్ని కులమతాలు చూడక వృత్తిని చూసి ఇవ్వాలి. రేకుల ఇళ్లకు ప్రభుత్వ ఖర్చుతో చలువ పూత వేయాలి. వడదెబ్బ మరణాల నిర్ధారణ ఒక్క రోజులో ముగియాలి. సోదర సోదరీమణులారా, గత వేసవి బిల్లులను భద్రపరచండి. వాటిని జతచేసి ప్రజావాణిలో అర్జీ ఇద్దాం, రసీదు తీసుకుందాం. మనం అడుగుతున్నది ఖైరాతు కాదు, హక్కు.