అమీర్‌పేట మంత్రిగారు

అమీర్‌పేట మైత్రీవనము ఎదుట, కంప్యూటరు కోర్సుల బోర్డులు ఒకదానిపై నొకటి వ్రేలాడుచుండగా, జిల్లాల నుండి వచ్చిన యువకులు కరపత్రములు చేతబట్టుకొని ఏ ఇన్‌స్టిట్యూటులో చేరవలెనో తేల్చుకొనలేక నిలిచియుండు ఆ రద్దీలో నడచునపుడెల్ల, ఈ పేటలోనే కాపురముండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జమాఖర్చులను నాలుక చివర నిలుపుకొన్న కొణిజేటి రోశయ్యగారు నాకు జ్ఞాపకము వచ్చుచుందురు. 2021 డిసెంబరు 4వ తేదీ ఉదయమున, 88 ఏండ్ల వయస్సున, ఈ పేట యింటి నుండి ఆసుపత్రికి గొనిపోవునంతలోనే ఆయన కన్నుమూసిరి.

గుంటూరు జిల్లా వేమూరులో 1933లో జన్మించి, గుంటూరు హిందూ కళాశాలలో చదివి, ఆచార్య రంగాగారి శిష్యరికమున రాజకీయములలో అడుగిడిన ఆయన 1968లో శాసనమండలి సభ్యులైరి. 1974లోను, 1980లోను మరల అచటికే ఎన్నికైరి. ఊళ్లకూళ్లను వెంట నడపించు ఆకర్షణ గాని, ఎన్నికలలో అక్కరకు వచ్చెడి కులబలము గాని ఆయనకు లేవు. సంఖ్యలో స్వల్పమైన వైశ్యకులము వారిది. మండలియే లేకున్నచో ఇట్టి వ్యక్తి మంత్రిపదవి దాక వచ్చియుండునా యని నాకు సందేహము. 1985లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు మండలిని రద్దుచేసినది రోశయ్యగారి నాలుకకు వెరచియేనని పాతతరపు విలేకరులు చెప్పుకొనెడివారు. నేనంత దూరము పోను గాని, పెద్దలసభ దండుగ యనువారికి ఆయన జీవితమునే సమాధానముగా చూపుదును.

చెన్నారెడ్డి, అంజయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, రాజశేఖరరెడ్డి గార్ల మంత్రివర్గములలో ఆయన పనిచేసిరి. మంత్రి యనగా ఆలోచన చెప్పువాడని పూర్వుల అర్థము. ఆ అర్థము ఆయనయందు నిలిచెను. 2004 మే 14న రాజశేఖరరెడ్డిగారు ప్రమాణస్వీకార వేదికపైననే రైతుల ఉచిత విద్యుత్తు దస్త్రముపై తొలి సంతకము చేసిరి. సంతకము నిమిషములో ముగియును; దానికి కావలసిన ధనమును ఏటేట సమకూర్చుట, తక్కిన శాఖల కోర్కెలకు కళ్లెము వేయుట, అప్పునకు హద్దు ఎక్కడో చెప్పుట ఆర్థికమంత్రియైన రోశయ్యగారి వంతు. వరుసగా ఏడుమార్లు బడ్జెటు ప్రవేశపెట్టిన ఆయన, ప్రతిపక్షమువారు అంకెలతో నిలదీసినప్పుడు, వారి ప్రభుత్వకాలపు అంకెలనే వెలికిదీసి, గుంటూరు యాసలో ఒక సామెత జోడించి, గొంతు హెచ్చింపకయే కూర్చుండబెట్టెడివారు. దెబ్బ తిన్నవారు సైతము నవ్వెడివారు.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు నల్లమలలో కనబడకపోయినప్పుడు విలేకరుల యెదుట నిలిచి మాటాడినవారు రోశయ్యగారే. మరునాడు ముఖ్యమంత్రి మరణవార్త తెలియగా, ఆ పదవి కూడ, 76 ఏండ్ల వయస్సున, రోశయ్యగారి భుజములపైననే పడెను. నెల తిరుగునంతలో వరద కర్నూలును ముంచెను. నవంబరు 29న ప్రత్యేక తెలంగాణమునకై చంద్రశేఖరరావుగారి నిరాహారదీక్ష నిర్బంధముతో ఆరంభమయ్యెను. నిర్బంధమున నుండిన ఆయనను ఖమ్మము నుండి తెచ్చి చేర్చినది పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో. అమీర్‌పేట నుండి నడచిపోదగిన దూరమది. ఒక వైపు నిరాహారియైన నాయకుని శ్వాసకై ఊపిరి బిగబట్టిన తెలంగాణము, వేరొక వైపు విభజన మాట వినిన క్షణముననే భగ్గుమనుటకు సిద్ధముగా నున్న కోస్తా రాయలసీమలు; నడుమ, గుంటూరు సీమలో పుట్టి హైదరాబాదులో ముదిమి చెందిన ముఖ్యమంత్రి, తన వెంట సొంత వర్గమనునది ఒక్కటియు లేక, డిసెంబరు 7న అఖిలపక్షమును పిలిచి ఒక్కొక్క పార్టీ మాట వినిరి. 9వ తేదీ రాత్రి ఢిల్లీలో తెలంగాణ ఏర్పాటుపై కేంద్ర హోంమంత్రి చిదంబరంగారి ప్రకటన వెలువడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో విద్యార్థులపై పడిన లాఠీలకు రోశయ్యగారి ప్రభుత్వమే బాధ్యత వహింపవలెను. దానిని నేను మరుగుపరుపను, ఆ తల్లిదండ్రులకు అది మరపురాదు కూడ. అయినను, ఒక్క పరుషవాక్యము ఇరుప్రాంతములను రగిల్చుటకు చాలియున్న ఆ దినములలో, అట్టి మాట ఆయన నోట నేను వినలేదు.

2010 నవంబరు 24న పనిభారము, ఆరోగ్యము కారణములుగా చెప్పి ఆయన పదవి విడిచిరి. పిమ్మట తమిళనాడు గవర్నరుగా అయిదేండ్లు పూర్తిచేసిరి. 2014లో కేంద్రమున ప్రభుత్వము మారినను ఆయనను కదపలేదు.

పంజగుట్ట కూడలిలో రాజశేఖరరెడ్డిగారి విగ్రహమున్నది; లకడీకాపూల్‌లో 2025 జూలై 4న రోశయ్యగారి విగ్రహమును ఆవిష్కరించిరి. సంతోషమే. నా కోరిక వేరొకటి కలదు. నాలుగు దశాబ్దములపాటు ఆయన ఉభయసభలలో పలికినదంతయు సభాచర్చల సంపుటములలో నిద్రించుచున్నది. అందుండి బడ్జెటు చర్చలను, ప్రతిపక్షమున కూర్చుండి అడిగిన ప్రశ్నలతో సహా ఏర్చికూర్చి, చౌకధరకు ఒక పుస్తకముగా అచ్చువేయుదురేని, అమీర్‌పేట ఫుట్‌పాత్‌పై పోటీపరీక్షల పుస్తకముల కుప్పలో నుండి మొదటి ప్రతిని నేనే కొనుక్కొందును.