పిండంలో ఎంజైము జన్యువుల స్థానం
1933లో టెక్సాస్‌లో ఫ్రెడ్ హేల్ విటమిన్-ఎ లేని మేతపై ఉంచిన చూడి పందికి కనుగుడ్లు లేని పిల్లలు పుట్టాయి. పచ్చిమేత ఆవశ్యకతను బోధించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలునని భావించడం పొరపాటు. ఆ విటమిన్ నుండి రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైముల జన్యువులలో రాల్డ్-1 చుంచెలుక పిండపు రెటీనా పైభాగాన, రాల్డ్-3 క్రిందిభాగాన వ్యక్తమవుతాయి. నడుమ సన్నని పట్టీలో సిప్-26 ఎంజైము ఆ ఆమ్లాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. విచిత్రమేమంటే, రెటీనాలో తయారైన ఆమ్లం ప్రధానంగా పనిచేసేది కంటిచుట్టూ ఉన్న కణజాలంలో. రాల్డ్-3 లోపించిన పిల్లలు నాసికామార్గం మూసుకుపోయి పుట్టగానే మరణిస్తాయి. తల్లికి విటమిన్ మోతాదు మించినా పిండవైకల్యాలు కలుగవచ్చు కనుక విస్తరణ సలహాలో గరిష్ఠ పరిమితిని కూడా చెప్పవలసి ఉంది. ఇక పిండమంతటినీ నూరి సగటు కొలిచే ప్రయోగాన్నే విద్యార్థులకు నేర్పితే ఈ సరిహద్దులేవీ వారికి కనబడవు. పలుచని కోతలపై జన్యువు వ్యక్తమయ్యే చోటును గుర్తించే పద్ధతినే ముందుగా నేర్పాలి.