ఆరోగ్య శీర్షిక: నొప్పి తెలియని కాలిన గాయం

గత సంచికలో వడదెబ్బను గురించి ముచ్చటించుకున్నాం. అది చదివిన పిమ్మట కొలిమి విభాగానికి చెందిన పాఠకులొకరు మాకు ఒక ప్రశ్న పంపారు. వేడి గొట్టం తగిలి చేయి ఎర్రగా కందితే రాత్రంతా మంటతో నిద్ర పట్టదు. తెల్లగా పాలిపోయేంత లోతుగా కాలిన చోట మాత్రం అంత నొప్పి ఉండదు. ఇది ఎట్లా సంభవమని వారి సందేహం. సమాధానం చర్మపు పొరలలోనే ఉన్నది.

పెద్దవారి చర్మాన్ని పరచి కొలిస్తే ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. దానిలో పైపొర బాహ్యచర్మం. కనురెప్పలపై ఇది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే, అరికాలిలో 1.5 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఇందులో రక్తనాళాలు లేవు. అడుగు వరుసలోని కణాలు నిరంతరం విభజన చెందుతూ కొత్త కణాలను పైకి నెడుతుంటాయి. అవి పైకి వచ్చేకొద్దీ కెరటిన్ అనే గట్టి ప్రోటీనును నింపుకొని, మరణించి, పెంకుల వలె పేరుకొని, కొన్ని వారాలలో రాలిపోతాయి. అనగా మనం ఒకరికొకరం చూపించుకునేది మృతకణాలనే! ఒంటిలోని నీటిని లోపల నిలిపి, సూక్ష్మజీవులను వెలుపల ఆపేది ఆ మృతకణాల పొరయే. అడుగు వరుసలో తయారయ్యే మెలనిన్ అనే వర్ణద్రవ్యం కణకేంద్రకానికి గొడుగు పట్టి, అతినీలలోహిత కిరణాల నుండి కాపాడుతుంది. తెల్లబరిచే క్రీములకు జీతంలో కొంత కేటాయించేవారు ఈ సంగతిని గమనింతురు గాక.

దాని కింద అంతశ్చర్మం. కొల్లాజెన్ పోగులతో నేసిన దట్టమైన పొర ఇది; పశువుల చర్మంలో ఈ పొరనే ఊనితే తోలు అవుతుంది. రక్తనాళాలు, నాడుల కొసలు, స్వేదగ్రంథులు, రోమకూపాలు ఉండేది ఇక్కడే. దాని అడుగున కొవ్వు పొర ఉంటుంది.

ఇక ప్రశ్నకు వద్దాం. బాహ్యచర్మం మాత్రమే కాలితే చర్మం ఎర్రబడుతుంది. కింది నాడులు చెక్కుచెదరలేదు కనుక మంట తీవ్రం, వారంలో తగ్గిపోతుంది. అంతశ్చర్మపు పైభాగం కూడా కాలితే బొబ్బలు లేస్తాయి. అడుగు వరుస నశించినా, అదే జాతి కణాలు రోమకూపాల గోడల వెంట లోతువరకు ఉంటాయి. నారుమడి నుండి పొలమంతా పచ్చబడినట్లు, అక్కడి నుండి చర్మం రెండు మూడు వారాలలో తిరిగి అల్లుకుంటుంది. పూర్తి మందం కాలిపోతే నాడులూ కాలిపోతాయి. అందుకే అక్కడ నొప్పి లేదు. విత్తనమూ మిగలదు. అంచుల నుండి తప్ప చర్మం పెరగలేదు గనుక, తొడ నుండి పలుచని పొర తీసి అతకవలసి వస్తుంది. రోమకూపాలు మిగిలి ఉండటం వలన తొడ మాత్రం దాదాపు రెండు వారాలలో మానుతుంది.

కనుక "నొప్పి లేదుగా, డ్యూటీ అయ్యాక చూపిద్దాం" అనుకోవడం అన్నింటికంటే ప్రమాదకరమని మా అభిప్రాయం. తెల్లగానో, నల్లగానో, తోలు వలె బిరుసుగానో మారిన గాయం చిన్నదైనా వెంటనే వైద్యునికి చూపాలి.

ప్రథమ చికిత్స సులభం. కాలిన చోట కుళాయి నీరు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. మంచుగడ్డ పెట్టరాదు. వాపు రాకముందే ఉంగరాలు, గడియారం తీసివేయాలి. అంటుకొనిపోయిన బట్టను లాగవద్దు, బొబ్బను చిదపవద్దు. సిరా, టూత్‌పేస్టు, ఇడ్లీ పిండి పూసే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. వాటివలన గాయం మలినపడటమే కాక, ఎంత లోతు కాలిందో వైద్యునికి తెలియకుండా పోతుంది. గాయపడిన వ్యక్తి అరచేయి, వేళ్లతో కలిపి, అతని చర్మంలో సుమారు నూరవ వంతు. ఎంత మేర కాలిందో ఫోనులో చెప్పడానికి ఈ కొలత చాలు.

సివిల్ విభాగం సోదరులకు ఒక మాట. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. బూటులోకి జారితే తొలుత నొప్పి ఉండదు. కొన్ని గంటలపాటు మెల్లగా లోపలి పొరలను తినివేస్తుంది. జారిన క్షణమే బూటు, మేజోడు విప్పి, కాలిని ధారాళమైన నీటితో కడగాలి.