వెంట ఎవరొచ్చారు?

పెద్దపేగు పరీక్షకి తేదీ తీసుకుందామని ఈమధ్య మా ఖాజాగూడకి దగ్గర్లోనే ఉన్న ఓ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. మత్తు ఇస్తారు కాబట్టి అటెండర్ ఉండాలన్నారు. స్నేహితురాలు వస్తుందని చెప్పాను. "ఫ్రెండ్ కాదు మేడం, ఫ్యామిలీ మెంబర్ కావాలి. సర్ రారా?" అంది కౌంటర్లో అమ్మాయి. సర్ లేరు. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు. అమ్మకి ఎనభై ఏళ్ళు. క్యాబ్‌లో పదిహేను నిమిషాల దారి కోసం మా వంశవృక్షమంతా విప్పి చెప్పుకోవలసి వచ్చింది.

తోడు ఉండాలన్న నిబంధనతో నాకు పేచీ లేదు. మిడజోలం, ప్రొపోఫోల్ లాంటి మందులిచ్చాక మనిషి లేచి కూచుని మామూలుగానే మాట్లాడుతుంది. కానీ డాక్టరు చెప్పిన మాట కాసేపటికే మర్చిపోతుంది, మెట్ల దగ్గర తూలుతుంది. అందుకే 24 గంటలపాటు బండి నడపొద్దనీ, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టొద్దనీ చెప్తారు. ఆ స్థితిలో ఉన్న స్త్రీని ఒంటరిగా ఏదో ఒక బండెక్కించడం ఎంత ప్రమాదమో ఈ ప్రాంతం వాళ్ళకి వేరే చెప్పాలా? 2013 అక్టోబరులో మాదాపూర్ దగ్గర క్యాబ్ అనుకుని కారెక్కిన ఉద్యోగినికి, ఆమె పూర్తి స్పృహలో ఉండగానే, ఏం జరిగిందో మనం మర్చిపోలేదు.

నా పేచీ ఆ ఫారంలోని గడితో. ఇంటికి చేర్చే తోడునీ, బిల్లుకి పూచీ పడే మనిషినీ, నా శరీరం గురించి నిర్ణయించే సంరక్షకుణ్ణీ ఆసుపత్రి ఒక్క గడిలోనే రాయమంటోంది. ఈ కలగాపులగం ఎంత దూరం పోతుందో సమీరా కోహ్లీ కేసు చూడండి. 1995 మేలో, 44 ఏళ్ళ ఈ అవివాహితకి లాపరోస్కోపీ పరీక్ష కోసమని మత్తిచ్చారు. ఆమె స్పృహలో లేనప్పుడు, బయట తోడుగా కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక తనే చెప్పుకోగల వయోజనురాలి తరఫున తల్లి సంతకం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2008 జనవరి వచ్చింది. నష్టపరిహారం 25,000 రూపాయలు! గర్భస్రావానికి వయోజన స్త్రీ అంగీకారం ఒక్కటే చాలని 1971 చట్టం చెప్తున్నా, భర్త సంతకం అడిగే అలవాటు మన ఆసుపత్రులకి ఇంకా పోలేదు.

ఇంటికి చేర్చడమంటే ప్రభుత్వానికి తెలియని పనేమీ కాదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన స్త్రీని ఉచితంగా ఇంటి దగ్గర దింపాలి. మంచిదే. కానీ అదే స్త్రీ పదేళ్ళ తర్వాత కడుపునొప్పితో ఎండోస్కోపీకి వెళ్తే ఆ బండి రాదు. అప్పుడామె తల్లిగా వెళ్ళలేదు మరి.

చివరికి నా వెంట వచ్చింది మా ఇంట్లో పనిచేసే ఆమె. "నేనొస్త గాని మేడం, ఎన్నింటికి ఇడుస్తరు?" అని మాత్రం అడిగింది. కౌంటర్ దగ్గర ఏమవుతావని అడిగితే తడుముకోకుండా "చెల్లెను" అంది. ఆ అమ్మాయి మా ఇద్దరి బట్టలూ చూసి, ఏమీ అనకుండా రాసుకుంది. ఐదు గంటలు బల్ల మీద కూర్చుంది. మిగతా మూడిళ్ళలో ఆ పూట పని పోయింది, ఒక ఇంట్లో జీతం కోశారు. నేను డబ్బిచ్చాను. కూలిగా ఇచ్చానో, కృతజ్ఞతగా ఇచ్చానో నాకే తెలియలేదు. ఇంటిచాకిరీకి విలువ కట్టాలని ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నదాన్ని, తోడు రావడానికి కూలి ఎంతో ముందుగా మాట్లాడుకోవాలని నాకు తోచనేలేదు!

తిరుగు దారిలో, మత్తు సగం దిగిన నాకు ఆమె ఇంకో సంగతి చెప్పింది. ఇలాంటి పరీక్షే తనకీ ప్రభుత్వాసుపత్రిలో రాసి ఆర్నెల్లయిందట. "ఎవరొస్తరు మేడం? పిల్ల పనికి పోతది. ఆయనకు చెప్తె రాడు."

తేదీ తీసుకున్నాం. ఆ రోజుకి నేను సెలవు పెట్టాను. నాకు జీతం కోత ఉండదు. కానీ ఒకరికొకరం సర్దుకుంటే తీరే సమస్య కాదిది. చుట్టుపక్కల హాస్టళ్ళ నిండా ఊరొదిలి వచ్చి ఐటీలో, మాల్స్‌లో, ఆసుపత్రుల్లోనే పనిచేసే అమ్మాయిలున్నారు. రూమ్మేటు కోసం సెలవడిగితే ఏ మేనేజరూ ఇవ్వడు. ఫారంలో రక్తసంబంధం బదులు "బాధ్యత తీసుకునే వయోజనులు" అని ఉండాలి. ఎవరూ లేనివాళ్ళని ఇంటి తలుపు దాకా చేర్చే మనిషిని ఆసుపత్రే ఏర్పాటు చేయాలి. తోడు వచ్చిన రోజుని పనిరోజుగా లెక్కగట్టాలి. ఈ మూడూ ఆసుపత్రి యాజమాన్యాల ముందూ, ఆరోగ్యశాఖ ముందూ పెట్టాలంటే మన దగ్గర ఆధారాలుండాలి. మీ ఊళ్ళో మత్తిచ్చే పరీక్షకి ఎవర్ని తెమ్మంటున్నారో, ఎవరి సంతకం అడుగుతున్నారో, తోడు లేక ఎవరు తిరిగి వెళ్ళిపోయారో మాకు రాయండి. ఖాళీ ఫారం దొరికితే దాని నకలు జతచేయండి.