గడ్డ ఎక్కడున్నది?

మా చెల్లెలి కోడలికి పెండ్లయి ఆరేండ్లు. టెస్ట్‌ట్యూబు చికిత్సకు ముందు తీసిన స్కానింగులో గర్భసంచిలో రెండు గడ్డలున్నవని తేలింది. డాక్టరమ్మ తమిళంలో "కట్టి" అనగానే, కాన్సరేమోనని మా చెల్లెలు కుర్చీలో కూలబడ్డది. కోడలు మాత్రం నిదానంగా, "అవి ఎక్కడున్నవండీ?" అని అడిగింది.

అడుగవలసిన ప్రశ్న అదే. ఫైబ్రాయిడ్లనే ఈ కండరపు గడ్డలు ఎందరో స్త్రీలకు ఉంటవి. కాన్సరుగా తేలేవి బహు అరుదు. సంచికి వెలుపలి వైపున్న గడ్డ సాధారణంగా గర్భానికి అడ్డురాదు. లోపలికి పొడుచుకొని వచ్చినది మాత్రం, చిన్నదైనా, పిండం నిలవడానికి ఆటంకం కావచ్చును. దానిని తరచు పొట్ట కోయకుండా, హిస్టిరోస్కోపు అనే సన్నని గొట్టంతో క్రిందినుంచే తీస్తారు. గోడలో ఇమిడిన గడ్డను తీయాలా, వద్దా అన్నదానిపై వైద్యులలోనే భిన్నాభిప్రాయాలున్నవి. కనుక పరిమాణం ఒక్కటే విని కంగారుపడరాదు.

ఆపరేషను తరువాత సంచి మానేవరకు ఆగవలెను. ఈలోగా నెత్తురు తక్కువైతే సరిచేసుకోవాలి. ఫోలిక్ ఆసిడు సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు. డాక్టరు చెప్పిన మోతాదే వాడాలి. భర్తకూ పరీక్ష తప్పదు. మా అల్లుడు మొదట ముఖం ముడుచుకొన్నా, చివరకు చేయించుకొన్నాడు.

కోడలికి లోపలి గడ్డ తీశారు, వెలుపలిది వదిలేశారు. ఇప్పుడు నిరీక్షణ. ఫలితం మన చేతిలో లేదు. పేరంటానికి వచ్చిన పిల్లను "ఏమన్నా విశేషమా?" అని అడుగకుండా ఉండడం మాత్రం మన చేతిలోనిదే గదా!