రైళ్ళు ఆగిన రోజులలో



బంద్ అంటే మన పల్లెలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొద్దున్నే కూడలిలో టైరు కాలుతుంది, షాపుల షట్టర్లు దిగుతాయి, సాయంత్రానికి అన్నీ మామూలే. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు మాత్రము అంత తేలికగా పోలేదు. ఆ సమ్మె నవంబరు 25న ముగిసింది. సరిగ్గా పది రోజులకు, డిసెంబరు 5న, మేము కాపురమున్న పారిస్ శివారులో రైళ్ళు ఆగిపోయాయి.

ఫ్రాన్సు ప్రభుత్వము అక్కడి 42 రకముల పింఛను పద్ధతులను ఒక్కటిగా చేయబూనింది. రైల్వేవారు, మెట్రోవారు తమకున్న హక్కులు పోతాయని పని మానేశారు. డ్రైవరు లేకుండా నడిచే 1, 14 నంబర్ల మెట్రో లైన్లు తప్ప మిగిలినవి కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఉదయము సాయంత్రము కొద్ది గంటలే నడిచాయి. జనవరి మూడవ వారము దాకా ఇదే తీరు.

ఆ దేశములో సమ్మె ఆకాశము నుండి ఊడిపడదు. 2007లో వచ్చిన చట్టము ప్రకారము రైళ్ళు, బస్సులు నడిపేవారిలో సమ్మెకు దిగేవారు 48 గంటల ముందే తెలియజేయాలి. కాబట్టి రేపు ఏ లైనులో ఎన్ని రైళ్ళో ముందురోజు సాయంత్రానికే తెలుస్తుంది. పరదేశిగా మేము మొదట నేర్చుకున్న పాఠము ఇదే. రెండవది కాస్త సిగ్గుపడుతూ నేర్చుకున్నాము. జీతము తీసుకుంటూ ఇంట్లో కూర్చున్నారని రైల్వేవారి మీద మేము విసుక్కున్నాము. మా అంతస్తులోనే ఉండే ఒక రైలు డ్రైవరు మెట్ల దగ్గర కలిసి, సమ్మె చేసిన రోజుకు జీతము రాదని, క్రిస్మసు నెలలో పిల్లలకు ఏమి కొనాలో తెలియడము లేదని చెప్పాడు. అటు తరువాత మా విసుగు కొంత తగ్గింది. పూర్తిగా తగ్గిందంటే అబద్ధమవుతుంది.

ఎందుకంటే ఆ నెలలోనే మా నివాస కార్డు గడువు తీరుతున్నది. కార్యాలయములో తేదీ దొరకడానికే నెలలు పట్టింది. చేతిలో ఫైలుతో తెల్లవారుజామున 6 గంటలకు నడక మొదలుపెట్టాము. డిసెంబరులో అక్కడ ఎనిమిదిన్నరకు గాని సూర్యుడు రాడు. చీకటిలో, చలిలో, మాలాగే ఎంతోమంది మౌనముగా నడుస్తున్నారు. ఆలస్యముగా చేరినా లోపలికి పంపించారు, తాత్కాలిక కాగితము ఇచ్చారు. మా పని జరిగిపోయింది.

మా కూటమునకు వచ్చే నెల్లూరు జిల్లా తమ్ముని సంగతి వేరు. అతడు పారిస్‌కు పడమర ఆఫీసులు శుభ్రము చేసే పనిలో ఉన్నాడు. ఆ ఆఫీసులలోనివారు ఇంట్లో కూర్చొని కంప్యూటరు మీద పని చేసుకోగలరు. నేల తుడిచేవాడు ఇంట్లో కూర్చొని తుడవలేడు గదా! రాత్రి మూడున్నరకు లేచి రెండు గంటలకు పైగా నడిచేవాడు. ఆలస్యమైన ప్రతిసారీ కాంట్రాక్టరు జీతములో కోశాడు. తోటి పనివారు, ఎక్కువమంది ఆఫ్రికావారు, ఒకరోజు పని ఆపి గేటు ముందు నిలబడాలనుకున్నారు.

అతడు శనివారము మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, నేనూ నిలబడనా? కార్డు పోతుందేమో?" అని అడిగాడు.

"మనము పరదేశులము తమ్ముడూ. బ్రతకడానికి వచ్చాము. తల వంచుకొని పని చేసుకో" అన్నాము. అతడు టీ తాగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ సలహా భయముతో చెప్పినదే గాని తెలిసి చెప్పినది కాదు. పని చేసే అనుమతి ఉన్న పరదేశికి అక్కడివారితో సమానముగా సమ్మె హక్కు ఉన్నదని తరువాత తెలిసింది. (ఐరోపా అంతటా ఒకే తీరు అనుకోకండి. జర్మనీలో శాశ్వత ప్రభుత్వ అధికారులకు సమ్మె హక్కే లేదు.) మేము ఆ మాట చెప్పిన రోజులలోనే, పారిస్‌లోని బాటిన్యోల్ ప్రాంతములో ఒక పెద్ద హోటలు ముందు సుమారు ఇరవైమంది గదులు శుభ్రము చేసే స్త్రీలు డప్పులు కొడుతూ నిలబడి ఉన్నారు. అందరూ దాదాపు ఆఫ్రికా దేశములవారే, కాంట్రాక్టు పనివారే. పదిహేడు నిమిషములకు ఒక గది సర్దాలంటే నడుములు విరుగుతున్నాయని 2019 జూలైలో మొదలుపెట్టి, 22 నెలలు పోరాడి, 2021 మే నెలలో ఒప్పందము సాధించారు. వారి తరఫున మాట్లాడిన రాషెల్ కేకే, ఐవరీ కోస్టులో పుట్టిన మనిషి, 2022లో ఫ్రాన్సు పార్లమెంటుకు ఎన్నికైంది. ఆమె మా దగ్గరకు సలహాకు రాకపోవడము మంచిదైంది!

2023లో పింఛను వయస్సు 62 నుండి 64కు పెంచుతున్నారని మళ్ళీ దేశము కదిలింది. పారిస్ వీధులలో సుమారు పదివేల టన్నుల చెత్త పేరుకుపోయింది. మార్చిలో ఒక గురువారము ఆ తమ్ముడు ఫోను చేశాడు.

"అయ్యగారూ, ర్యాలీకి వెళ్తున్నాను. నా జీతములోనూ పింఛనుకు కోస్తున్నారు గదా. ప్రార్థనకు ఆలస్యమవుతుంది, నా టీ ఉంచండి."

ఈసారి అతడు మమ్మల్ని సలహా అడగలేదు. అద్దములు పగలగొట్టేవారు ముందు వరుసలో ఉంటారు, దూరముగా నడువమన్నాము. కార్డు జేబులో ఉన్నదా అని అడిగాము.